టచ్‌ప్యాడ్ బిగుసుకుపోతోంది, నిద్రలో బ్యాటరీ దిగిపోతోంది: లినక్స్ కోసం డీఎస్‌డీటీ సరిచేసుకోవడం ఎలా?

తొలకరి · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్ తయారు చేసినవాళ్లు విండోస్‌కు తప్ప దేనికీ సపోర్ట్ లేదని ముందే చెప్పారు. అయినా నా పనంతా లినక్స్‌లోనే కాబట్టి ఎక్కించేశాను. వైఫై, సౌండ్, గ్రాఫిక్స్ మొదటి రోజే పనిచేశాయి. రెండు మాత్రం ప్రాణం తీస్తున్నాయి.

ఒకటి టచ్‌ప్యాడ్. లాగిన్ అయ్యాక పది సెకన్లు చక్కగా తిరుగుతుంది, ఆ తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది. మళ్లీ బూట్ చేస్తే మళ్లీ పది సెకన్లు. రెండోది నిద్ర. రాత్రి మూత మూసి పడుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ 90 శాతం నుంచి 50కి దిగిపోతోంది.

వెతగ్గా వెతగ్గా ఒకచోట ఇదే మోడల్ వాడేవాళ్లెవరో "ప్యాచ్ చేసిన డీఎస్‌డీటీ" అని ఒక ఫైల్ పెట్టారు. మెషీన్‌లో ఏ పరికరాలున్నాయో, ఎలా వాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పడానికి బయాస్ ఇచ్చే టేబుల్ అట అది. వాళ్లు చెప్పినట్టే తెచ్చి పెట్టాను. ఇప్పుడు అసలు బూటే అవ్వట్లేదు. నల్ల తెర మీద నాలుగు లైన్లు వచ్చి ఆగిపోతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. మెషీన్ పాడైపోయిందా?

కొలిమి · శనివారం, రాత్రి 9:58

కంగారు పడకండి, మెషీన్‌కి ఏమీ కాలేదు. ఆ ఫైల్ బయాస్ చిప్‌లోకి వెళ్లదు. ప్రతి బూట్‌లో కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) దాన్ని ర్యామ్‌లోకి తెచ్చుకుని అసలు టేబుల్ బదులు వాడుతుంది, అంతే. తీసేస్తే పోతుంది.

బూట్‌లో ఏది ఎక్కించాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చినప్పుడు కీబోర్డ్ మీద ఇ అక్షరం నొక్కండి. ఇనిట్‌ఆర్‌డీ అని మొదలయ్యే లైన్‌లో రెండు ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. మొదటిది మీరు చేర్చిన ఓవర్‌రైడ్, అంటే అసలు టేబుల్ బదులు వాడే ఫైల్. ఆ పేరొక్కటే చెరిపేసి కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి. బూట్ అవుతుంది. లోపలికి వెళ్లాక ఆ ఫైల్‌ను పూర్తిగా తీసేసి గ్రబ్ అప్‌డేట్ చేయండి.

ఇక అసలు సంగతి. ఇంకొకరి డీఎస్‌డీటీ మన మెషీన్‌లో పెట్టకూడదు, మోడల్ ఒకటే అయినా సరే. ఎందుకో చెప్తాను. దాంట్లో జీఎన్‌వీఎస్ అని ఒక ఆపరేషన్ రీజియన్ ఉంటుంది. బయాస్ తన సెట్టింగులన్నీ ర్యామ్‌లో ఒక మూల రాసిపెట్టుకుంటుంది: టచ్‌ప్యాడ్ ఏ రకం, ఏ పోర్ట్ ఆన్‌లో ఉంది, ఇలాంటివి. ఆ మూల ఎక్కడుందో చెప్పే అడ్రస్‌ను డీఎస్‌డీటీలోకి ఒక అంకెగా దించుతుంది. ఆ అంకె ర్యామ్ ఎంతుందో దాన్నిబట్టి మారుతుంది. బయాస్ వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఒక్కోసారి బయాస్‌లో ఒక సెట్టింగ్ మార్చినా మారుతుంది.

ఆ ఫైల్ పెట్టినవాళ్ల మెషీన్‌లో 8 జీబీ ర్యామ్, మీ దాంట్లో 16 జీబీ అనుకోండి. వాళ్ల ఫైల్ చూపించే చోట మీ ర్యామ్‌లో ఉండేది వేరే ఏదో. అక్కడి నుంచి చదివితే తప్పు జవాబు వస్తుంది, అక్కడ రాస్తే ఇంకా ప్రమాదం. మీకు బూట్ దగ్గరే ఆగిపోవడం ఒక రకంగా మేలే అయింది. బూట్ అయ్యి, ఎవరిదో మెమరీలో రాస్తూ కూర్చుంటే కారణం దొరకడానికి నెలలు పట్టేది.

తొలకరి · శనివారం, రాత్రి 10:21

బూట్ అయింది! చాలా థాంక్స్. ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఫైల్ తీసేశాను. అయితే ఇప్పుడు నా మెషీన్‌లోని టేబులే తీసి నేనే సరిచేసుకోవాలంటారా? నాకు సీ లాంగ్వేజ్ కొంచెం వచ్చు, ఈ టేబుళ్ల వ్యవస్థ ఏసీపీఐ గురించి ఏమీ తెలియదు.

ఏటిగట్టు · ఆదివారం, ఉదయం 7:15

కొంచెం సీ వస్తే చాలు, చదివితే అర్థమవుతుంది.

ముందు ఒరిజినల్ టేబుళ్లు తీయండి. ఓవర్‌రైడ్ ఏదీ లేకుండా బూట్ అయ్యాకే తీయాలి. ఓవర్‌రైడ్ ఉండగా తీస్తే మీ చేతికొచ్చేది మీరు పెట్టిన ఫైలే కానీ బయాస్ ఇచ్చింది కాదు. నేను మొదట్లో ఇలాగే నా సొంత ప్యాచ్ మీద మళ్లీ ప్యాచ్ వేసుకుంటూ రెండు రోజులు పోగొట్టుకున్నాను.

మీ డిస్ట్రోలో ఏసీపీఐకా టూల్స్ అనే ప్యాకేజీ ఉంటుంది. ఖాళీ ఫోల్డర్ ఒకటి తెరిచి, దాని పేరులో బయాస్ వెర్షన్, తేదీ రాయండి. ఆ ఫోల్డర్‌లోంచి ఏసీపీఐడంప్‌ను రూట్‌గా, మైనస్ బి ఆప్షన్‌తో నడిపితే ఒక్కో టేబుల్ ఒక్కో ఫైల్‌గా పడుతుంది. డీఎస్‌డీటీ ఒక్కటే ఉంటుంది, దానికి తోడుగా ఉండే చిన్న టేబుళ్లు, ఎస్‌ఎస్‌డీటీలు, చాలా ఉంటాయి. ఆ ఫోల్డర్‌ను అలాగే కాపీ చేసి పక్కన దాచండి. దాన్ని ఎప్పటికీ ముట్టుకోవద్దు. పని ఏదైనా కాపీలోనే.

తొలకరి · ఆదివారం, ఉదయం 11:02

తీశాను అన్నా. ఒక డీఎస్‌డీటీ, 14 ఎస్‌ఎస్‌డీటీలు వచ్చాయి. ఆ ప్యాకేజీలోని ఐఏఎస్‌ఎల్ కంపైలర్‌తో డీఎస్‌డీటీని విప్పాను. నలభై వేల లైన్లు! ఏమీ మార్చకుండా ఊరికే మళ్లీ కంపైల్ చేసి చూస్తే 60కి పైగా ఎర్రర్లు. నేను చెయ్యి పెట్టకముందే ఇన్ని తప్పులుంటే ఇది ఇప్పటిదాకా ఎలా నడుస్తోంది?

కొలిమి · ఆదివారం, ఉదయం 11:30

ఆ ఎర్రర్లలో చాలావరకు బయాస్‌వి కావు, విప్పిన పద్ధతివి. డీఎస్‌డీటీ ఒక్కదాన్నే విప్పితే, వేరే టేబుల్‌లో ఉన్న మెథడ్‌ను పిలిచిన చోట దానికి ఎన్ని ఆర్గ్యుమెంట్లో ఐఏఎస్‌ఎల్‌కు తెలియదు. ఊహించుకుంటుంది. ఊహ తప్పితే ఆర్గ్యుమెంట్లు విడిపోయి, అర్థంలేని అంకెలు విడి లైన్లుగా పడతాయి. "జీరో" అని ఒంటరిగా నిలబడ్డ లైన్లు కనిపించాయా? అవి ఇవే.

మైనస్ ఇ ఆప్షన్ ఇచ్చి ఎస్‌ఎస్‌డీటీ ఫైళ్లన్నీ చూపించండి, తర్వాత మైనస్ డి ఇచ్చి డీఎస్‌డీటీని విప్పండి. అన్నీ ఒకేసారి చదువుకుంటుంది కాబట్టి ఊహించే పని ఉండదు. ఐఏఎస్‌ఎల్ కొత్త వెర్షన్‌దై ఉండాలి, పాతది కొత్త టేబుళ్ల దగ్గర తడబడుతుంది.

మార్చని ఫైల్ ఒక్క ఎర్రర్ కూడా లేకుండా కంపైల్ అయ్యేదాకా దేన్నీ మార్చొద్దు. వార్నింగులు వందలుగా వస్తాయి, వాటిని వదిలేయండి. వార్నింగులన్నీ పోగొట్టాలని మొదలుపెట్టి పనిచేస్తున్న కోడ్‌ను చెడగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఎర్రర్ సున్నా అయితే అదే మన పునాది.

రాగిదీపం · ఆదివారం, మధ్యాహ్నం 12:10

పక్కనుంచి ఒక ప్రశ్న. నేను ఈ థ్రెడ్ నేర్చుకోవడానికే చదువుతున్నా. అసలు ఈ టేబుళ్లు ఎందుకు? యూఎస్‌బీ మౌస్ పెడితే ఏ టేబులూ లేకుండానే పనిచేస్తుంది కదా, టచ్‌ప్యాడ్‌కు మాత్రం ఇంత తతంగమేంటి?

ఏటిగట్టు · ఆదివారం, మధ్యాహ్నం 12:48

మంచి ప్రశ్న. యూఎస్‌బీ, పీసీఐ లాంటి వాటిలో పరికరం తన పేరు తానే చెప్పుకుంటుంది. "నువ్వెవరు" అని అడిగితే తయారీదారు నంబర్, పరికరం నంబర్ ఇస్తుంది. ఇప్పటి టచ్‌ప్యాడ్‌లు ఐ2సీ అనే రెండు తీగల బస్సు మీద ఉంటాయి. ఆ బస్సులో అలా అడిగే పద్ధతే లేదు. ఫలానా అడ్రస్‌లో ఫలానా పరికరం ఉందని, అది పిలిచినప్పుడు ఫలానా పిన్ మీద సిగ్నల్ వస్తుందని ఎవరో ఒకరు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందే చెప్పాలి. ఆ చెప్పేది డీఎస్‌డీటీ.

పరికరాల జాబితా ఒక్కటే కాదు. బ్యాటరీ ఎంతుందో ఎలా చదవాలి, మూత మూస్తే ఏం చేయాలి, నిద్రకు వెళ్లడం ఎలా, ఇవన్నీ చిన్న చిన్న ప్రోగ్రాములుగా దాంట్లోనే ఉంటాయి. అది ఏఎంఎల్ అనే బైట్‌కోడ్. కెర్నెల్‌లో ఉండే ఇంటర్‌ప్రెటర్ దాన్ని నడుపుతుంది. మనం ఐఏఎస్‌ఎల్‌తో విప్పితే చదవగలిగే రూపం వస్తుంది, దాన్ని ఏఎస్‌ఎల్ అంటాం.

ఏసీపీఐ మొదటి స్పెసిఫికేషన్ 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చాయి. 2013 నుంచి యూఈఎఫ్ఐ ఫోరం చూసుకుంటోంది. లినక్స్ వాడే ఇంటర్‌ప్రెటర్ ఇంటెల్ మొదలుపెట్టిన ఏసీపీఐకా. విండోస్‌కు దాని సొంత ఇంటర్‌ప్రెటర్ ఉంది. విండోస్ మీద మాత్రమే పరీక్షించి వదిలిన టేబుల్‌లో చిన్న పొరపాటు ఉన్నా అక్కడ బయటపడకపోతే ఎవరూ పట్టించుకోరు. మన దగ్గరకొచ్చాక బయటపడుతుంది.

నల్లతెర · ఆదివారం, మధ్యాహ్నం 2:05

నేను మ్యాక్ కాని మెషీన్లలో మ్యాక్ఓఎస్ నడిపించడం కోసం ఏళ్ల తరబడి ఈ టేబుళ్లతో కుస్తీ పట్టినవాణ్ణి. ఆ అనుభవంతో చెప్తున్నా. తొలకరీ, మీ టేబుల్‌లో "ఓఎస్ఐ" అని వెతకండి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో అడిగే మెథడ్ అది. ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ కాదని తేలితే టచ్‌ప్యాడ్‌ను దాచేసే కోడ్ ఉంటుంది. మేమైతే మ్యాక్ఓఎస్ బూట్ చేసే ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్‌లో ఓఎస్ఐని ఎక్స్‌ఓఎస్ఐగా పేరు మార్చి, విండోస్ అని జవాబిచ్చే ఎస్‌ఎస్‌డీటీ ఒకటి పెడతాం. ఎక్కువ మెషీన్లలో సమస్య అక్కడే తీరిపోతుంది.

కొలిమి · ఆదివారం, మధ్యాహ్నం 2:33

నల్లతెర గారూ, మ్యాక్ఓఎస్‌కు మీ మాట నిజం. "విండోస్ 2015వా" అని టేబుల్ అడిగితే మ్యాక్ఓఎస్ కాదంటుంది, తన లోపలి పేరైన డార్విన్‌నే చెప్తుంది. లినక్స్ అలా కాదు. విండోస్ పేర్లన్నిటికీ అవుననే జవాబిస్తుంది, 2009 అన్నా, 2012 అన్నా, 2015 అన్నా. తనను "లినక్స్" అని అడిగితే మాత్రం కాదంటుంది. ఎందుకంటే బయాస్ రాసేవాళ్లు పరీక్షించేది విండోస్ దారిని ఒక్కదాన్నే, మనం కూడా ఆ దారిలోనే వెళ్లడం క్షేమం. కాబట్టి లినక్స్‌లో ఓఎస్ఐ ప్యాచ్ దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. అనుమానం ఉంటే కెర్నెల్ పారామీటర్‌తో ఒక బూట్‌కు ఆ జవాబు మార్చి చూడొచ్చు, టేబుల్ ముట్టుకోవాల్సిన పని లేదు.

పైగా తొలకరి టచ్‌ప్యాడ్ పది సెకన్లు పనిచేస్తోంది. దాచేసిన పరికరం పది సెకన్లు కూడా పనిచేయదు. అంటే పరికరం కనిపిస్తోంది, అడ్రస్ సరైనదే, డ్రైవర్ ఎక్కింది. మధ్యలో ఏదో తెగిపోతోంది. నాకు ఇంటరప్ట్ మీద, అంటే పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్ మీద అనుమానం.

తొలకరీ, ఒక పని చేయండి. ప్రాక్ కింద ఇంటరప్ట్స్ అనే ఫైల్ ఉంటుంది. దాంట్లో టచ్‌ప్యాడ్ లైన్ వెతికి, వేలు కదుపుతూ ఆ అంకె చూడండి. బిగుసుకుపోయాక మళ్లీ చూడండి.

నల్లతెర · ఆదివారం, మధ్యాహ్నం 2:50

పది సెకన్లు పనిచేస్తోందన్న మాట నేను గమనించలేదు. కొలిమి గారు చెప్పిందే సరైనది. నా పాత అలవాటుతో తొందరపడ్డాను.

తొలకరి · ఆదివారం, సాయంత్రం 4:17

అక్కా, చూశాను. బూట్ అయ్యాక వేలు కదిపితే అంకె చకచకా పెరిగింది. 1,912 దగ్గర ఆగిపోయింది, అదే క్షణంలో పాయింటర్ కూడా ఆగింది. ఆ తర్వాత ఎంత రుద్దినా 1,912 నుంచి కదల్లేదు. ఆ లైన్ చివర "ఎడ్జ్" అని ఉంది.

డీఎస్‌డీటీలో టచ్‌ప్యాడ్ డివైస్ కూడా దొరికింది. దాని సీఆర్‌ఎస్ మెథడ్‌లో ఐ2సీ అడ్రస్ ఒకటి, దాని కింద జీపీఐఓఇంట్ అని ఉంది. బ్రాకెట్‌లో మొదటి మాట ఎడ్జ్, రెండోది యాక్టివ్‌లో.

కొలిమి · ఆదివారం, సాయంత్రం 4:40

దొరికింది! ఈ ఒక్క మాటే మీ పది సెకన్ల కథ.

టచ్‌ప్యాడ్ దగ్గర చెప్పాల్సింది ఉంటే ఇంటరప్ట్ తీగను కిందికి లాగి పట్టుకుంటుంది. తన దగ్గరున్న రిపోర్టులన్నీ హోస్ట్ చదివేదాకా వదలదు. హెచ్‌ఐడీ ఓవర్ ఐ2సీ ప్రొటోకాల్ రాసిందే అలా. అంటే హోస్ట్ చూడాల్సింది తీగ "కింద ఉందా" అని. దాన్నే లెవెల్ అంటాం. మీ టేబుల్ ఎడ్జ్ అంటోంది. అంటే తీగ పైనుంచి కిందికి "పడిన క్షణం" మాత్రమే లెక్క.

ఇప్పుడు ఇలా ఊహించండి. హోస్ట్ ఒక రిపోర్ట్ చదువుతోంది. సరిగ్గా అప్పుడే వేలు ఇంకాస్త కదిలి ఇంకో రిపోర్ట్ తయారైంది. తీగ పైకి లేవలేదు, కిందే ఉంది. లేవలేదు కాబట్టి మళ్లీ పడే క్షణమే రాదు. హోస్ట్ ఆ క్షణం కోసం ఎదురుచూస్తుంది, టచ్‌ప్యాడ్ తనను చదువుతారని ఎదురుచూస్తుంది. ఇద్దరూ అలాగే ఉండిపోతారు. వేలు వేగంగా కదిపినప్పుడు త్వరగా బిగుసుకుపోతోందా?

తొలకరి · ఆదివారం, సాయంత్రం 4:46

అవునక్కా! మెల్లగా కదిపితే నిమిషం దాకా కూడా ఉంటోంది. ఇప్పుడే పరీక్షించాను. ఎడ్జ్ తీసేసి లెవెల్ అని రాస్తే చాలా?

కొలిమి · ఆదివారం, సాయంత్రం 5:20

ఆ మాట ఒకటి, ఇంకో అంకె ఒకటి. మొత్తం రెండు లైన్లు.

ఫైల్ మొదట్లో డెఫినిషన్ బ్లాక్ అని ఉంటుంది. దాని బ్రాకెట్‌లో చివరి అంకె ఓఈఎం రివిజన్. దాన్ని ఒకటి పెంచండి. హెక్స్‌లో ఉంటుంది, చివర 9 ఉంటే ఏ అనే అక్షరం అవుతుంది. కొత్త టేబుల్ రివిజన్ పాతదానికన్నా పెద్దదైతేనే కెర్నెల్ మారుస్తుంది, సమానమైనా పక్కన పెట్టేస్తుంది. ఓఈఎం పేరు, టేబుల్ పేరు మాత్రం అక్షరం కూడా మార్చొద్దు. వాటిని చూసే ఏ టేబుల్ బదులు ఏది పెట్టాలో గుర్తుపడుతుంది.

తర్వాత కంపైల్ చేయండి. కెర్నెల్ అనే ఫోల్డర్, దాని లోపల ఫర్మ్‌వేర్, దాని లోపల ఏసీపీఐ. అన్నీ చిన్న అక్షరాల్లో. అందులో ఏఎంఎల్ ఫైల్ పెట్టి, బయటి ఫోల్డర్‌ను సీపీఐఓతో న్యూసీ ఫార్మాట్‌లో కట్టండి. కంప్రెస్ చేయకూడదు. కెర్నెల్ ఈ ఫైల్‌ను చాలా ముందుగా చదువుతుంది, విప్పే పని అప్పటికి మొదలవదు. ఇనిట్‌ఆర్‌డీ వరసలో ఇది అసలు దానికన్నా ముందుండాలి. డెబియన్ కుటుంబంలో గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో ఎర్లీ ఇనిట్‌ఆర్‌డీ కస్టమ్ అనే వేరియబుల్ ఉంటుంది, బూట్ ఫోల్డర్‌లో ఫైల్ పెట్టి ఆ పేరు అక్కడ రాస్తే చాలు. డ్రాకట్ వాడేవాళ్లకు దాంట్లోనే ఏసీపీఐ ఓవర్‌రైడ్ సెట్టింగ్ ఉంది.

ఏటిగట్టు · ఆదివారం, సాయంత్రం 5:41

సంతకం ఉన్న కోడ్‌నే బూట్ అవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో ఇది పనిచేయదు. లాక్‌డౌన్‌లో ఉన్న కెర్నెల్ బయటి టేబుళ్లను ఒప్పుకోదు. అది న్యాయమే. ఏసీపీఐ టేబుల్ అంటే కెర్నెల్ అధికారంతో నడిచే కోడ్, ఎవరు పడితే వాళ్లు మార్చేలా ఉండకూడదు. గ్రబ్‌లోని ఏసీపీఐ కమాండ్ సెక్యూర్ బూట్ ఉన్నా టేబుళ్లను ఎక్కించనిచ్చేది, దాన్ని భద్రతా లోపంగా గుర్తించి 2021లో మూసేశారు. కాబట్టి ఓవర్‌రైడ్ కావాలంటే సెక్యూర్ బూట్ వదులుకోవాలి. అది మీ నిర్ణయం, తెలిసి తీసుకోండి.

ఇంకోటి. ఉన్న గ్రబ్ ఎంట్రీని మార్చకుండా, ఓవర్‌రైడ్‌తో వేరే ఎంట్రీ చేసుకుంటే పరీక్షించేటప్పుడు ఏదైనా అయినా కిందికి బాణం నొక్కి మామూలుగా బూట్ అవ్వచ్చు.

తొలకరి · ఆదివారం, రాత్రి 8:09

పనిచేయలేదు అక్కా. ఏమీ మారలేదు. ఇంటరప్ట్స్ ఫైల్‌లో ఇంకా ఎడ్జ్ అనే ఉంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాను.

కొలిమి · ఆదివారం, రాత్రి 8:15

కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో "టేబుల్ అప్‌గ్రేడ్" అనే లైన్ ఉందా? దానికి పైన, టేబుల్ ఇనిట్‌ఆర్‌డీలో దొరికిందని చెప్పే లైన్ ఉందా? రెండూ లేకపోతే ఫైల్ చేరలేదు. పై లైన్ ఉండి అప్‌గ్రేడ్ లేకపోతే రివిజన్ పెరగలేదు.

తొలకరి · ఆదివారం, రాత్రి 8:52

రెండూ లేవు. చూస్తే నేను ఏసీపీఐ ఫోల్డర్ లోపల నిలబడి సీపీఐఓ కట్టాను. అందుకే ఆర్కైవ్‌లో ఫోల్డర్ల దారి లేదు, ఉత్త ఫైల్ ఉంది. బయటికొచ్చి మళ్లీ కట్టాను.

టచ్‌ప్యాడ్ ఇరవై నిమిషాలుగా ఆగకుండా పనిచేస్తోంది! ఇంటరప్ట్ లైన్ చివర ఇప్పుడు లెవెల్ అని ఉంది. అంకె పెరుగుతూనే ఉంది. నలభై వేల లైన్లలో ఒక్క మాట! కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాగిదీపం · ఆదివారం, రాత్రి 9:01

చదువుతున్న నాకే ఇంత సంతోషంగా ఉంది. అభినందనలు తొలకరి గారూ.

తొలకరి · సోమవారం, రాత్రి 9:30

ఇక నిద్ర సంగతి. మెమ్‌స్లీప్ ఫైల్‌లో ఎస్2ఐడిల్ (కొత్త పద్ధతి నిద్ర) ఒక్కటే ఉంది, డీప్ (పాత ఎస్3 నిద్ర) లేదు. డీఎస్‌డీటీలో చూస్తే ఎస్3 ప్యాకేజీ ఉంది కానీ దాని పేరు ఎక్స్‌ఎస్3గా మార్చేసి ఉంది. పేరు సరిచేస్తే పాత పద్ధతి నిద్ర వచ్చేస్తుంది కదా?

నల్లతెర · సోమవారం, రాత్రి 9:48

పేరు మారిస్తే మెమ్‌స్లీప్‌లో డీప్ అని కనిపిస్తుంది, అది ఖాయం. కానీ ఎస్3 నుంచి లేపే పని బయాస్‌ది. ప్రాసెసర్, ర్యామ్ కంట్రోలర్ మళ్లీ సిద్ధం చేసే కోడ్ బయాస్‌లో ఉండాలి. తయారీదారు ఆ కోడ్‌ను తీసేసి ఉంటే నిద్రకు వెళ్తుంది, లేవదు. నాకు ఒక మెషీన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఫ్యాన్ తిరుగుతోంది, తెర నలుపు, పవర్ బటన్ పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అప్పుడు తెరిచి ఉన్న ఫైల్ కూడా పోయింది.

కొలిమి · సోమవారం, రాత్రి 10:25

నల్లతెర గారి మాటే నాదీ. ఉన్న నిద్రనే బాగు చేసుకుందాం. ఎస్2ఐడిల్ చెడ్డది కాదు, సరిగ్గా పనిచేస్తే రాత్రంతా కొద్ది శాతమే తింటుంది. అయితే దాంట్లో ప్రతి పరికరమూ తనంతట తాను పడుకోవాలి. ఒక్కటి మేలుకుని ఉన్నా ప్రాసెసర్ లోతైన స్థితికి వెళ్లలేదు.

కొత్త కెర్నెల్‌లో సిస్, పవర్ కింద సస్పెండ్ స్టాట్స్ ఫోల్డర్ ఉంటుంది. పది నిమిషాలు నిద్రపుచ్చి లేపి, దాంట్లో లాస్ట్ హెచ్‌డబ్ల్యూ స్లీప్ చూడండి. మైక్రోసెకన్లలో ఉంటుంది. పది నిమిషాలకు దగ్గరగా ఉంటే హార్డ్‌వేర్ నిజంగా పడుకుంది. సున్నా అయితే తెర ఆరిందే కానీ లోపల అందరూ మేలుకునే ఉన్నారు.

తొలకరి · మంగళవారం, ఉదయం 6:40

సున్నా.

కొలిమి · మంగళవారం, ఉదయం 8:10

ఎక్కువసార్లు అడ్డం పడేది ఎన్‌వీఎంఈ డ్రైవ్, అంటే డేటా దాచే ఎస్‌ఎస్‌డీ. నిద్రలో దానికి కరెంట్ పూర్తిగా తీసేయవచ్చని బయాస్ చెప్పాలి. ఆ మాట డీఎస్‌డీ అనే ఆబ్జెక్ట్‌లో "స్టోరేజ్‌డీ3ఎనేబుల్" అనే పేరుతో, విలువ 1గా ఉంటుంది. లినక్స్ కూడా దాన్ని చదువుతుంది. మీ టేబుళ్లన్నిటిలో ఆ పేరు వెతకండి.

లేకపోతే దీనికి డీఎస్‌డీటీ ముట్టుకోవద్దు. చిన్న ఎస్‌ఎస్‌డీటీ కొత్తగా రాస్తే సరిపోతుంది. డ్రైవ్ తాలూకు డివైస్‌ను ఎక్స్‌టర్నల్‌గా ప్రకటించి, దాని స్కోప్‌లో డీఎస్‌డీ ఒక్కటి చేర్చండి. టేబుల్ పేరు మీ సొంతది పెట్టండి. దానితో సరిపోలే టేబుల్ లేదు కాబట్టి కెర్నెల్ దేన్నీ తీసేయకుండా దీన్ని అదనంగా చేర్చుకుంటుంది. ఇందులో మెమరీ అడ్రస్ ఏదీ లేదు, అందుకే ఇలా చేయగలిగిన ప్రతిచోటా ఇలాగే చేయమంటాను. అక్కడ డీఎస్‌డీ ముందే ఉంటే మాత్రం ఈ దారి కుదరదు, ఉన్న పేరునే మళ్లీ పెట్టనివ్వదు.

నల్లతెర · మంగళవారం, ఉదయం 8:31

ఇక్కడ మాకూ మీకూ తేడా ఉంది. ఓపెన్‌కోర్‌లో బైట్లు వెతికి పేరు మార్చేయొచ్చు, పాతదాన్ని పక్కకు తోసి అదే పేరుతో మనది పెట్టొచ్చు. సౌకర్యమే కానీ ఓపెన్‌కోర్ గుండా విండోస్ బూట్ చేసినా ఆ మార్పులు దానికీ తగులుతాయి. అందుకే మా ఎస్‌ఎస్‌డీటీలు అన్నిటిలో "డార్విన్ అయితేనే" అని ఒక షరతు రాస్తాం. లినక్స్‌లో కెర్నెల్ తన వరకే మార్చుకుంటుంది, పక్కనున్న విండోస్‌కు సంబంధం ఉండదు. నాకు ఇదే నచ్చింది.

తొలకరి · బుధవారం, ఉదయం 7:05

రాత్రి 88 శాతంతో మూత మూశాను, తెల్లారి 84. హెచ్‌డబ్ల్యూ స్లీప్ అంకె మొత్తం రాత్రికి దగ్గరగా ఉంది. నా ఎస్‌ఎస్‌డీటీ ఇరవై లైన్లు కూడా లేదు. మొదటిసారి నిద్రపుచ్చే ముందు డేటా అంతా బ్యాకప్ తీసుకున్నాను, డ్రైవ్ లేవకపోతే ఏంటి పరిస్థితి అని భయమేసింది. సరిగ్గా లేచింది.

ఒక మిత్రుడు ఈ మార్పులన్నీ బయాస్ ఇమేజ్‌లోనే పెట్టి ఫ్లాష్ చేసేస్తే ప్రతిసారీ ఈ గొడవ ఉండదు కదా అంటున్నాడు.

ఏటిగట్టు · బుధవారం, ఉదయం 7:30

వద్దు. ఇప్పుడు తప్పు జరిగితే గ్రబ్‌లో ఒక పేరు చెరిపితే చాలు. చిప్‌లో తప్పు జరిగితే మెషీన్ విప్పి ప్రోగ్రామర్ క్లిప్ తగిలించాలి.

దానికి బదులు ఇంకో పని చేయండి. ఎడ్జ్ సంగతి కెర్నెల్ ఇన్‌పుట్ మెయిలింగ్ లిస్ట్‌కు రాయండి. ఒరిజినల్ డంప్, ప్రాక్ ఇంటరప్ట్స్ ముందూ తర్వాతా, మెషీన్ డీఎంఐ పేరు (బయాస్ చెప్పే మోడల్ పేరు) ఇవ్వండి. లాగులు మాత్రం ఓవర్‌రైడ్ లేని బూట్‌వి పెట్టండి. ఓవర్‌రైడ్ ఉంటే కెర్నెల్‌లో ఏవైనా మార్పులున్నాయని చూపే టెయింట్‌లో ఏ అనే అక్షరం గుర్తుగా చేరుతుంది, డెవలపర్లు మొదట అదే అడుగుతారు. వాళ్లు ఆ మోడల్‌కు క్విర్క్ (దానికే వర్తించే ప్రత్యేక సర్దుబాటు) చేరిస్తే ఆ ల్యాప్‌టాప్ కొన్న ప్రతివాళ్లకూ ఏ ప్యాచ్ లేకుండానే పనిచేస్తుంది. మీలాగే ఇంకెవరో ఇప్పుడు ఎవరిదో ఫైల్ తెచ్చి పెట్టుకుంటూ ఉంటారు.

తొలకరి · బుధవారం, ఉదయం 7:44

ఈ రోజే రాస్తాను అన్నా.

గవ్వ · మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 11:12

నాదీ ఇదే మోడల్. టచ్‌ప్యాడ్ మధ్యమధ్యలో ఆగిపోతోంది. తొలకరి గారూ, మీ ఏఎంఎల్ ఫైల్ కాస్త అప్‌లోడ్ చేస్తారా? నాకు ఇదంతా చేసేంత ఓపిక, తెలివి రెండూ లేవు.

తొలకరి · శనివారం, ఉదయం 6:58

ఫైల్ ఇవ్వలేను గవ్వ గారూ, క్షమించండి. ఇవ్వకూడదని పట్టుదల కాదు. మొన్ననే బయాస్ అప్‌డేట్ వచ్చింది. ముందు ఓవర్‌రైడ్ తీసేసి, అప్‌డేట్ చేసి, మళ్లీ డంప్ తీసి పాతదానితో పోల్చాను. జీఎన్‌వీఎస్ అడ్రస్ మారింది. ఓఈఎం రివిజన్ మాత్రం మారలేదు. అంటే ఓవర్‌రైడ్ తీయకుండా అప్‌డేట్ చేసి ఉంటే, నా పాత ఫైలే పాత అడ్రస్‌తో ఏ హెచ్చరికా లేకుండా ఎక్కేసేది. నా మెషీన్‌లోనే నా ఫైల్ చెల్లకుండా పోయింది, మీ మెషీన్‌లో ఎలా చెల్లుతుంది?

రెండు లైన్ల తేడా ఫైల్ మాత్రం ఇస్తాను, ఎక్కడ ఏం మార్చాలో దాంట్లో ఉంది. డంప్ తీయడం, విప్పడం, కట్టడం పక్కనుండి చేయిస్తాను. నాకూ మూడు వారాల క్రితం ఏమీ తెలియదు. ముందు మీ ఇంటరప్ట్స్ ఫైల్ చూసి రెండు విషయాలు చెప్పండి: చివర ఎడ్జ్ అని ఉందా, ఆగినప్పుడు అంకె ఆగుతోందా?

గవ్వ · శనివారం, ఉదయం 9:20

చూశాను. చివర లెవెల్ అని ఉంది. టచ్‌ప్యాడ్ ఆగినప్పుడు కూడా అంకె పెరుగుతూనే ఉంది, చాలా వేగంగా.

కొలిమి · శనివారం, ఉదయం 9:47

అయితే మీది వేరే సమస్య. డీఎస్‌డీటీ ముట్టుకోకండి. డీమెసేజ్‌లో ఐ2సీ హెచ్‌ఐడీ అని ఉన్న లైన్లన్నీ, కెర్నెల్ వెర్షన్ ఇక్కడ పెట్టండి, అక్కడి నుంచి చూద్దాం.